పిలిస్తే పలకాలి

“పిచ్చుకా! ఏయ్ పిచ్చుకా! ఉన్నావా, పోయావా?”

వరండా మలుపు దగ్గర నిలబడి పెద్దక్క కేకేసింది. ఎండ అప్పుడే కాస్త మెత్తబడి సాయంత్రంలోకి జారుతోంది. నేను బక్కెట్ల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, గోడకి అడుగున ఉన్న తూముకి నోరు ఆనించి ఉన్నాను. చుట్టూ తడి చీపుళ్ళు, ఫినాయిలు వాసన. పైన రేకుల మీద పావురాలు గోళ్ళతో గీకుతున్న చప్పుడు. గోడకి అవతల చీకటి గది. ఆ గదిలో పిచ్చుక ఉంది. పిలుపు పిచ్చుకకే.

పలికింది మాత్రం నేను.

“ఉన్నానమ్మా...”

సన్నగా, కాస్త సాగదీసి, చివర్న చిన్న వణుకు పెట్టి. నా మాట తూములోంచి చీకటి గదిలోకి వెళ్ళి, ఇనప తలుపు సందుల్లోంచి వరండాలోకి వచ్చేసరికి పిచ్చుక మాటైపోయింది.

“అలా దారికి రా” అంది పెద్దక్క. నడుముకి ఉన్న తాళాల గుత్తి గలగలలాడుతూ దూరమైపోయింది.

నా గుండె ఎగిరి గంతేసింది. చీపుళ్ళ మధ్య కూర్చున్నానన్న మాటే గానీ, ఆ క్షణంలో నన్ను నేను ఏదో నవలలో కథానాయికలా ఊహించుకున్నాను. శత్రువు కోటలో చెలికత్తెని కాపాడుతున్న రాజకుమారిని నేను. అప్పుడు నాకు అంతే తెలుసు.

ఇదంతా మీకు నోటితో చెప్పగలిగితే బాగుండేది. చెప్పలేను. కాగితం మీద పెట్టగలను, అంతే. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆ ఆడవాళ్ళ జైల్లో నేను కొత్తగా చేరిన వార్డరుని. ఖైదీలు నన్ను కొత్తక్క అనేవాళ్ళు. మా మీద పెద్ద వార్డరు పెద్దక్క. ఆవిడ ఎవరికీ అక్క కాదు. భయంతో పెట్టుకున్న వరస అది. ఇస్త్రీ నలగని బట్టలు, మెడ మీద తెల్లగా పౌడరు, మొహం మీద ఎప్పుడూ చల్లటి నవ్వు. చెయ్యెత్తి ఎవర్నీ కొట్టేది కాదు. “కొడితే చెయ్యి నొప్పి. దానికంటే సుఖమైన మార్గాలు లక్ష ఉన్నాయే, కొత్తపిల్లా” అని నాకు పాఠం చెప్పేది.

చీకటి గది ఆ మార్గాల్లో ఒకటి. కిటికీ లేదు. పైన రేకులు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా లోపల కన్ను పొడుచుకున్నా కనిపించదు. పొద్దున ఒక ముంత నీళ్ళు, ఒక పూట తిండి. దానికి తోడు పెద్దక్క సొంతంగా పెట్టిన నియమం ఒకటుంది. పిలిస్తే పలకాలి. మొదటి కేకకే పలకాలి. పలక్కపోతే ఇంకో రోజు లోపలే. ఎప్పుడు పిలుస్తుందో ఎవరికీ తెలియదు. లోపలివాళ్ళకి కునుకు పట్టే వేళ చూసి పిలిచేది. తలుపు దాకా మాత్రం ఎప్పుడూ వెళ్ళేది కాదు. “అబ్బ, ఆ కంపు నాకు పడదు” అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మలుపు దగ్గర్నుంచే అరిచేది. లోపలి మనిషి గొంతు తప్ప ఇంకేదీ ఆవిడకి అక్కర్లేదు. ఆ గొంతు ఎవరిదన్నది కూడా అక్కర్లేదు. ఖైదీల గొంతులన్నీ ఆవిడకి ఒకటే.

పిచ్చుకని చీకటి గదిలో ఎందుకు వేశారంటే, మాట తూలినందుకు.

ఆ రోజు భోజనాల వేళ ఒక ముసలి ఖైదీ పళ్ళెం పెద్దక్క కాలితో తన్నింది. అడ్డంగా ఉందట. “ఎత్తుకుని తిను, ముసలీ. నేల తుడిచినట్టూ ఉంటుంది” అంది. వరస మొత్తం ఊపిరి బిగబట్టింది. పిచ్చుక లేచి, తన పళ్ళెం ముసలామె ముందుకి జరిపి, ఎంతో జాలిగా అడిగింది. “కాలికి దెబ్బేం తగల్లేదు కదా పెద్దక్కా? ఆ పళ్ళెం గట్టిది.”

వరస వరసంతా ఫక్కుమంది. పెద్దక్క కూడా నవ్వింది. నవ్వుతూనే నడుము నుంచి తాళాల గుత్తి తీసింది.

పిచ్చుక అంటే గుప్పెడంత మనిషి. కుట్టు షెడ్డులో మిషను ముందు కూర్చుంటే కాళ్ళు పెడలుకి సరిగ్గా అందేవి కావు. నోరు మాత్రం ఆగేది కాదు. ఏం చేసి వచ్చావే అని నేనోసారి అడిగితే, “గొలుసు తీశానక్కా. పనిచేసే ఇంట్లో. అందరూ మేమేం చెయ్యలేదంటారు. నేను తీశాను. చెప్పేస్తే కడుపు తేలికవుతుంది, చెప్పకపోతే అన్నం దిగదు” అంది, దారం పళ్ళతో తెంపుతూ.

నాకు చిన్నప్పట్నుంచి గొంతులు అనుకరించడం సరదా. మా నాన్న దగ్గు, మేనత్త సాగతీత, సినిమాల్లో హీరోయిను ఏడుపు, అన్నీ వచ్చు. షెడ్డులో పెద్దక్క లేనప్పుడు పెద్దక్క గొంతు కూడా పలికించేదాన్ని. ఒకరోజు పిచ్చుక గొంతు చేసి చూపించాను. పిచ్చుక పడీ పడీ నవ్వింది.

“నేనిలా ఉంటానా కొత్తక్కా? బానే ఉంది గానీ చివర్న ఆ వణుకేంటి, సినిమాలో చచ్చిపోయే అమ్మాయిలా! నా గొంతెప్పుడు వణికింది?”

నిజమే. కానీ నాకు ఆ వణుకు నచ్చింది. తీసెయ్యబుద్ధి కాలేదు.

పిచ్చుక విడుదలకి ఇంక కొద్ది రోజులే ఉంది. వాళ్ళమ్మ గేటు దగ్గరికి వస్తానని చెప్పిందట. “ఇక్కడికొచ్చేటప్పుడు చెప్పులు తెగిపోయాయక్కా. కొత్త జత తెస్తానంది మా అమ్మ. అవేసుకుని టకటకా నడిచిపోతా, వెనక్కి కూడా చూడను” అనేది. అప్పుడే ఈ చీకటి గది వచ్చిపడింది.

“మూడు రోజులు. దీని శిక్ష తీరందే గేటు మొహం చూపించను” అంది పెద్దక్క తాళం వేస్తూ. “పలికినన్నాళ్ళే లెక్క. పలకని రోజు లెక్కలోకి రాదు.”

మొదటిరోజు పిచ్చుక పలికింది. మర్నాడు మధ్యాహ్నం పిలిస్తే ఒకటో కేకకి పలకలేదు. రెండో కేకకి ఏదో మూలుగు. “ఇంకో రోజు!” అంది పెద్దక్క, పండు కోసుకున్నంత సంతోషంగా.

నేను బక్కెట్ల గదిలోకి పరుగెత్తాను. ఆ గదికీ చీకటి గదికీ మధ్య గోడలో, నీళ్ళు పోవడానికి పిడికిలంత తూము ఉంది. దానికి ఇనప జాలీ. గ్లాసు పట్టదు, వేలు కూడా సరిగ్గా పట్టదు. నా చేతిరుమాలు, నేనే మూల మీద గులాబీ పువ్వు కుట్టుకున్నది, బక్కెట్లో ముంచి జాలీలోంచి లోపలికి దోపాను. కాసేపటికి అవతలి కొస బిగిసింది. దూడ పొదుగు లాగినట్టు లాగుతూ, వదులుతూ... పిచ్చుక ఆ తడి చప్పరిస్తోంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

“కొత్తక్కా...” చాలా దగ్గర్నుంచి గుసగుస. “చెవుల్లో హోరు... పిలుపు వినపడట్లేదు...”

“నువ్వు పడుకో. నేను పలుకుతాను.”

“నిజంగా?”

“నీ గొంతు నా దగ్గరుందిగా.”

అవతల చిన్న నవ్వు. “వణక్కు మరి” అంది.

అదీ జరిగింది. అప్పట్నుంచి పిలుపు పిచ్చుకకి, పలుకు నాది.

మర్నాడు పొద్దున నీళ్ళ ముంత తీసుకుని వెళ్తుంటే పెద్దక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఎక్కడికే?”

“చీకటి గదికి... పొద్దుటి నీళ్ళు...”

“నిన్న గొంతు విన్నావుగా? కోయిలలా పలికింది. అది దప్పికతో ఉన్న గొంతేనా? ఇంకా పొగరు దిగలేదు దానికి.” ముంత నా చేతిలోంచి తీసుకుని, తొందరేమీ లేకుండా గుమ్మం పక్కన కుండీలో మొక్కకి పోసింది. “గొంతు ఎండాలి. ఎండినప్పుడు చూద్దాం.”

నేను నోరు తెరిచాను. ఆ గొంతు నాదని చెప్పాలి. చెబితే పిచ్చుకకి ఇంకా రోజులు పెరుగుతాయి. నా ఉద్యోగం పోతుంది. బయటికి పంపిస్తే పంపించారు... నన్నే ఆ గదిలో వేసి తాళం పెడితే? నోరు మూసుకున్నాను. మొక్క మొదట్లో నీళ్ళు బుడబుడమని ఇంకిపోయాయి.

ఆ రోజు రుమాలు తడిపి దోపాను. అవతల లాగలేదు. కాసేపు ఆగాను. పిలిచాను. తూములోంచి గాలి కూడా రాలేదు. రుమాలు వెనక్కి తీసుకున్నాను. ఎంత తడితో పెట్టానో అంత తడితోనే వచ్చింది. నిద్రపోతోంది, అనుకున్నాను. బాగా అలిసిపోయి నిద్రపోతోంది. అలాగే అనుకున్నాను.

సాయంత్రం పెద్దక్క పిలిచింది. నేను పలికాను.

ఆ మర్నాడు శిక్షకి ఆఖరి రోజు. మధ్యాహ్నం దాటాక మళ్ళీ తూము దగ్గర కూర్చున్నాను. రేకులు ఎండకి టప్‌టప్‌మని పేలుతున్నాయి. గోడ మాత్రం చల్లగా ఉంది. అంత ఎండలో ఆ గోడ ఎందుకంత చల్లగా ఉందో... తూములోంచి ఒక వాసన. కుళ్ళు కాదు. వాన పడ్డాక మూసి ఉన్న గది తెరిస్తే వస్తుందే, అలాంటిది.

రుమాలు ముంచి, పిండకుండా, జాలీలోంచి దోపాను.

బిగిసింది.

ఒక్క లాగు. ఎంత గట్టిగా అంటే నా వేళ్ళు జాలీకి గుద్దుకున్నాయి. రుమాలు నా చేతిలోంచి జారి మొత్తం లోపలికి వెళ్ళిపోయింది. చీకట్లోకి గులాబీ పువ్వు ఆఖరున పోవడం చూశాను.

“పిచ్చుకా!” అన్నాను ఆనందంగా. “బతికించావే తల్లీ! ఇవాళే ఆఖరు. ఇంకొక్క పిలుపు...”

జవాబు లేదు. చప్పరిస్తున్న చప్పుడు కూడా లేదు. కానీ తూముకి అటువైపు, నా మొహానికి ఎదురుగా, ఎవరో మొహం పెట్టి ఉన్నట్టు... నేను ఊపిరి పీలిస్తే అదీ ఆగి వింటున్నట్టు...

చెప్పుల చప్పుడు. తాళాల గలగల. మలుపు దగ్గర ఆగింది.

“పిచ్చుకా! ఉన్నావా, పోయావా?”

నేను వంగాను. ఊపిరి తీసుకున్నాను. పెదవులు తెరిచాను.

“ఉన్నానమ్మా...”

నేను అనలేదు.

తూము అవతల్నుంచి వచ్చింది. సన్నగా, కాస్త సాగదీసి. చివర్న చిన్న వణుకు.

పిచ్చుక కోలుకుంది, తనే పలికింది అని సంతోషించాల్సిన దాన్ని. తూము దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. ఎందుకంటే ఆ వణుకు పిచ్చుకది కాదు. నేను పెట్టింది. నా గొంతు, నేను మాట పలక్కుండానే, గోడకి అవతల్నుంచి నాకే వినిపించింది.

“సరే, శిక్ష తీరింది. ఏమే కొత్తపిల్లా, తలుపు తియ్యి” అని కేకేసి, బక్కెట్ల గదిలోంచి వరండాలోకి వచ్చిన నా ముందుకి పెద్దక్క తాళాల గుత్తి విసిరింది.

తలుపు తీశాను. వెలుతురు లోపలికి పడింది.

పిచ్చుక తూము దగ్గర లేదు. ఎదుటి గోడ మూలన ముడుచుకుని ఉంది, చలికి ముడుచుకున్నట్టు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదవులు ఎండి, పగిలి, పళ్ళకి అంటుకుపోయి ఉన్నాయి. ఆ పెదవుల మధ్యనుంచి మాట వచ్చే దారే లేదు.

జైలు ఆసుపత్రి కంపౌండరు వచ్చి పిచ్చుక చెయ్యి పట్టుకుని చూశాడు. చెయ్యి వంగలేదు. “ఇది ఇవాళ పోయిన మనిషి కాదు” అన్నాడు మెల్లగా. “నిన్ననో, అంతకుముందో...”

“నోటికొచ్చినట్టు వాగకు” అంది పెద్దక్క. గొంతులో నవ్వు అలాగే ఉంది. “ఇప్పుడే పలికింది. నువ్వు రాకముందే. ఈ పిల్ల కూడా విన్నది. ఏమే, విన్నావా లేదా?”

కంపౌండరు నా వైపు చూశాడు. నేను మాట్లాడబోయాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. గాలే.

“చూడు, భయపడి గొంతు పోయింది పాపం. తల ఊపవే, చాలు.”

తల ఊపాను.

“ఎండకి ఒళ్ళు అలా బిగుసుకుపోతుందేమోలే” అన్నాడు కంపౌండరు, పెద్దక్క మొహం చూసి. తర్వాత పిచ్చుక కుడి పిడికిలి విప్పబోయాడు. విప్పలేకపోయాడు. నిన్నటి నుంచి బిగిసిపోయిన ఆ వేళ్ళ సందులోంచి ఒక గుడ్డ అంచు కనిపిస్తోంది. గులాబీ పువ్వు. గంట కిందట నేను నీళ్ళు కారేలా తడిపి ఇచ్చిన రుమాలు. ఎండుటాకులా పెళపెళమంటోంది.

గది కడిగారు. ఫినాయిలు పోశారు. తాళం పెట్టారు. నా గొంతు మాత్రం రాలేదు. మందులు తాగాను, వేడినీళ్ళు పుక్కిలించాను. రాత్రుళ్ళు మంచం మీద కూర్చుని నా పేరు నేను చెప్పుకోవాలని చూసేదాన్ని. పెదవులు ఆడేవి, అంతే. “మంచిదేలే. మా దగ్గర పనిచేసేవాళ్ళకి నోరు ఎంత తక్కువుంటే అంత మంచిది” అని పెద్దక్క నా తల నిమిరింది.

విడుదల రోజు పిచ్చుక వాళ్ళమ్మ వచ్చింది. ఎవరూ ముందుగా కబురు చెప్పలేదు. గేటు దగ్గరే చెప్పారు. ఆమె ఏడవలేదు. సంచిలోంచి కొత్త చెప్పుల జత తీసి, ఒళ్ళో పెట్టుకుని, గేటు మెట్టు మీద కూర్చుండిపోయింది. లేవమన్నా లేవలేదు. ఆ చావు మీద విచారణకి వచ్చిన ఆఫీసరు అలా కూర్చున్న ఆమెని చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “ఆమెని కూడా రానివ్వండి” అన్నాడు.

అలా నలుగురం వరండా మలుపు దగ్గర నిలబడ్డాం. ఆఫీసరు, పెద్దక్క, ఆ తల్లి, నేను. పొద్దు గూకుతోంది. కరెంటు పోయింది. వరండా చివర ఇనప తలుపు నల్లటి మచ్చలా ఉంది.

“చివరిసారి ఎప్పుడు మాట్లాడింది?” ఆఫీసరు అడిగాడు.

“చనిపోయిన సాయంత్రమే సార్. ఇక్కడ నిలబడి పిలిచాను. చక్కగా పలికింది. మేము బాగానే చూసుకున్నాం సార్, గుండె ఆగితే ఎవరేం చేస్తారు? ఈ పిల్ల సాక్షి.”

“ఇంత దూరం నుంచి వినపడుతుందా?”

“ఎందుకు వినపడదు సార్? చూడండి.” పెద్దక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, అలవాటుగా. అలవాటుగానే కేకేసింది. “పిచ్చుకా! ఉన్నావా, పోయావా?”

ఆ తల్లి తలెత్తి చూసింది.

రేకుల మీద పావురాల చప్పుడు ఆగిపోయింది.

“ఉన్నానమ్మా...”

తాళం వేసిన తలుపు వెనకనుంచి.

మొదట ఆఫీసరే తేరుకున్నాడు. “లోపల ఎవరున్నారు?”

“ఎవరూ... ఎవరూ లేరు సార్. గాలి...”

“గాలి అమ్మా అంటుందా? తీయండి.”

తాళం చెవి కన్నంలో పెట్టడానికి పెద్దక్కకి చేతకాలేదు. చివరికి ఆఫీసరే తీశాడు. టార్చి వెలుగు నాలుగు గోడలూ తిరిగింది. కడిగిన నేల. ఫినాయిలు. మనిషి లేదు. తలుపు మూశాడు, టార్చి ఆర్పకుండా.

“అది నా కూతురి గొంతు కాదు బాబూ” అంది ఆ తల్లి.

అందరం ఆమె వైపు తిరిగాం.

“నా కూతురు ఎవరి ముందూ గొంతు వణికించలేదు. కొట్టినా వణకదు. దొంగతనం ఒప్పుకున్నప్పుడు కూడా వణకలేదు. అది ఎవరో నా కూతుర్లా మాట్లాడుతున్నారు.” ఆమె నా దగ్గరికి వచ్చింది. చీకట్లో నా మొహం వెతుక్కుంది. “కొత్తక్కవి నువ్వేనా తల్లీ? ములాఖత్‌కి వచ్చినప్పుడల్లా నీ గురించే చెప్పేది. మంచిగా చూస్తావని. గొంతులు చేసి నవ్విస్తావని.” చెప్పుల జత గుండెకి అదుముకుంది. “నువ్వన్నా చెప్పు. అది చివర్న ఏమంది?”

పెద్దక్క నా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి. “దానికి మాట రాదమ్మా” అంది.

నేను నోరు తెరిచాను. గొంతులో గాలి కూడా లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

మాట ఆ తలుపు వెనకనుంచి వచ్చింది. నా గొంతే. వణుకు లేని నా సొంత గొంతు, ఎన్నో రోజుల తర్వాత, వరండా అంతా వినపడేలా.

“అది పలకలేదమ్మా. దాని బదులు నేనే పలికాను. గొంతు బాగుందని నీళ్ళు ఆపేశారు. నేను పలుకుతున్నానని తలుపు తీయలేదు.”

అంతే నేను చెప్పాలనుకున్నది. పెదవులు మూసేశాను. గట్టిగా, పళ్ళు నొప్పెట్టేలా మూసేశాను.

లోపలి గొంతు ఆగలేదు.

“రుమాలు కదలని రోజే అది పోయిందని నాకు తెలుసు. అయినా పలికాను.”